తినిందా?

మంగళవారం మంగళవారం తిరుపతికి సముద్రం వస్తుంది.
నీలం డ్రమ్ముల్లో, మూతలకు తడిగోనె కట్టుకొని,
వాకాడు, నాయుడుపేట, కాళహస్తి, ఏర్పేడు దాటి
రేణిగుంట రోడ్డులో మా షెడ్డు ముందు దిగుతుంది.
దించేవాడు ఏకాంబరం.
నేను ఉప్పు కొలిచే గాజుకడ్డీ ముంచుతాను.
అతను వేలు ముంచి నాలిక్కి రాసుకుంటాడు.
ఇద్దరం ఒకేసారి తలూపుతాం.

తొట్లో రాతిరొయ్యలు పదకొండు.
పట్టకారు చేతుల్లేని జాతి.
ఒళ్ళంతా ముళ్ళు, ఒంటికన్నా పొడుగు మీసాలు.
నమిలే పళ్ళు కడుపులో ఉంటాయి,
రుచి కాళ్ళకు తెలుస్తుంది.
ఈ సంగతి చదివిన రాత్రి
చెప్పుల్లేకుండా మేడ మీద చాలాసేపు తిరిగాను.
కొంచెం సున్నం. అంతకుమించి ఏమీ తెలియలేదు.

కడలిలో దాని కూడేమిటో
బీడీ ఆర్పకుండా ఏకాంబరం చెప్పాడు:
"రేత్రిపూటే మేస్తాది మేడం.
ఆల్చిప్పని అంచు కొరికి తెరస్తాది.
రాయినంటిన నత్తలు, పురుగులు, సన్న ఎండ్రకాయలు,
చచ్చిన చేపైనా దానికి సద్దే.
కుబుసం ఇడిస్తే ఆ కుబుసమూ తింటాది,
సొంత చొక్కా మడిచి మింగినట్టు.
ఆ రెండ్రోజులూ ఒళ్ళు మెత్తగుంటాది.
పక్కదానికి ఆకలైందా,
ఇంకేముంది."

నా కాగితంలో వేరే కడలి.
మాంసకృత్తులు నలభై ఎనిమిది, కొవ్వు తొమ్మిది.
నెత్తళ్ళ పొడి, సోయా పిండి, స్క్విడ్ నూనె,
ఎరుపు కోసం గూడూరు రొయ్యతలల పొడి.
అది లేకుంటే పెంపుడు రొయ్య పాలిపోతుంది,
ఉడికించినా నిగ్గు రాదు,
కొనేవాడు పెదవి విరుస్తాడు.

అన్నీ కుదిరాయి, గుళిక నిలవలేదు.
వేసిన పావుగంటకు బురద.
నిదానంగా తినే జీవి అది.
చీర కొనేముందు అంచు నలిపినట్టు
కాళ్ళతో తిప్పి తిప్పి చూస్తుంది.
అంతలో తిండి నీళ్ళయిపోతుంది.
జిగురు పొడి కోసం మా సారు
కొరియాకి ఉత్తరం రాస్తున్నాడు.

కొర్లగుంటలో మునిరత్నమ్మ ఇంటి మేడగది నాది.
నీసు గడప దాటకూడదు, అదీ షరతు.
నా చున్నీ బయటి కొళాయి దగ్గరే ఉతకాలి.
శనివారం, ఆమెకు ఒక్కపొద్దు. మెట్ల మీద కూర్చొని
"ఏంది మే, మొగం అట్ల పెట్టినావు?"
చెప్పాను. కొంగుతో ముక్కు మూసుకొనే విన్నది.
"నూక ఉడకలే" అనింది.
"సంగటికి ముందు నూక మెత్తగా ఉడకాల.
ఆ పైన పిండి పోసి, మూత పెట్టి, కట్టెతో కెలకాల.
పచ్చిపిండి కలిపితే ముద్ద యాడ నిలస్తాది?"

సోమవారం గోధుమపిండిని ముందు ఆవిరిలో ఉడికించాను.
గుళిక అయిదు గంటలు నిలిచింది.

ఆ రాత్రి ఎర్రదీపం కింద కాపు కాశాను.
ఏడోది వచ్చింది. మీసం తాకించింది. కాలు మోపింది.
ఆగింది.
నెట్టేసి, గాలిబుడగల దగ్గరికి పోయి నిలబడింది.
మూడు రాత్రులు అంతే.
నాలుగో తెల్లారికి పదకొండు, పది.
అడుగున రెండు మీసాలు.
పుస్తకంలో మరణం ఒకటి అని రాశాను.
కారణం అన్న గడిలో చాలాసేపటికి ఆకలి అని రాశాను.
ఎవరి ఆకలో రాయడానికి గడి లేదు.

మంగళవారం ఏకాంబరం గుళికను వాసన చూశాడు.
"గట్టిగుంది. కానీ పిలవడంలే మేడం."
జేబులోంచి ఆల్చిప్ప తీసి గట్టుకు కొట్టి,
ఆ నీళ్ళు నా లెక్కల మీద పిండాడు.
రాళ్ళ చాటున మీసాలు లేచాయి,
ఒక్కొక్కటే, తర్వాత అన్నీ.

శనివారం, మెట్ల మీద,
పొద్దుటినుంచి మంచినీళ్ళు తప్ప ముట్టని మునిరత్నమ్మ
"తినిందా?" అనింది.
తినింది అన్నాను.
ముక్కు మీది కొంగు తీసి
"అన్నీనా?" అనింది.

నేను కొళాయి తిప్పి
చున్నీ తడపసాగాను.