ముప్పై ఏడు

కొత్తపేటలో మా ఆసుపత్రి ఎదురుగా
ఫ్లెక్సీ మీద నేనూ, ఒక ముసలావిడా.
నా మెడలో స్టెతస్కోపు.
కంటి డాక్టరుకి దానితో పనేంటని
ఫ్లెక్సీ వేయించినవాళ్ళెవరూ అడగలేదు.
ఆవిడ కంటికి గాజుగుడ్డ, నుదుటి మీద అంటించిన చీటీ: 37.
ఫొటో తీయొచ్చా అని ఆవిడని
మేమూ అడగలేదు.

మలావీలో పన్నెండు రోజులు. నూట నలభై కళ్ళు.
సన్మానంలో ఆ లెక్క మూడుసార్లు చదివారు,
శాలువా జరీ మెడ మీద గుచ్చుకుంటూనే ఉంది.
పదమూడో రోజు సంగతి ఎవరూ చదవలేదు.
పదమూడో రోజు నేను విమానంలో
డబ్బా అడుగున గోంగూర పచ్చడి మిగిలిందా అని చూసుకుంటున్నాను.

ముప్పై ఏడు నా చేతిది కాదు.
సుహాస్‌ది. మా దగ్గర చేరి ఆరు నెలలు.
ఇక్కడ వాడికి నేనింకా కత్తి ఇవ్వలేదు,
ఏ పెద్దింటివాళ్ళ కన్నో పోతే ఎలాగని.
అక్కడ ఇచ్చాను.
వెయ్యిమందిని చంపితే సగం వైద్యుడని మనకో సామెత.
ఆ వెయ్యిమందీ ఏ ఊరివాళ్ళో
సామెత చెప్పదు.

నిన్న థోకో, అక్కడి నర్సు, ఒక కన్ను పంపింది ఫోన్లో.
కళ్ళంలో ఆరబోసిన తేజా మిర్చి.
"చుక్కల మందు అయిపోయింది. ఏం చెయ్యమంటారు?"
మందు పేరు రాశాను.
"అది దొరికే ఊరికి బస్సు ఆదివారమే," అని జవాబు.
నిన్న సోమవారం.

ఇక్కడైతే
కన్ను ఎర్రబడిన గంటలో
పేరేచర్ల నుంచి ఆటో నిండా దిగేవాళ్ళు,
అల్లుడు, బావమరిది, వాళ్ళ వెనక వార్డు మెంబరు.
నా కౌంటరు అద్దం పగిలేది.
రెండుసార్లు పగిలింది కూడా. తిట్టుకుంటూ కొత్తది వేయించాను.
థోకో రాతలో కోపమైనా లేదు.
"మళ్ళీ ఎప్పుడొస్తారు, మేడం?"
అంతే.

రాత్రి అకాల వాన.
పొద్దున మిర్చి యార్డు పక్కగా వస్తుంటే చూశాను:
ఎవరో ఫ్లెక్సీ కోసుకొచ్చి టిక్కీల మీద కప్పారు.
నా సగం ఎటు పోయిందో.
ఆవిడ సగం మాత్రం ఉంది,
గాజుగుడ్డ గుంటలో నీళ్ళు నిలిచి.

"అది తీసెయ్యవయ్యా," అన్నాను హమాలీతో.
"తీస్తే సరుకు తడిసిద్దమ్మా.
ఎవరీవిడ? మీకు తెలుసా?"

తెలుసు అనబోయాను.
పేరు అడుగుతాడేమోనని
కారు అద్దం ఎత్తేశాను.