ఎర్ర అట్ట

హెలెనా. ఫిబ్రవరి. మూడో అంతస్తు.
కిటికీ అద్దాల్ని మంచు గోకుతోంది.
కమిటీ గదిలో నా పని చిన్నది:
ఒళ్ళో మూడు అట్టలు, ఎదురుగా గడియారం.
పచ్చదానికి మొదలుపెట్టాలి,
పసుపుదానికి ముగింపు వెతుక్కోవాలి,
ఎర్రదానికి ఎంతటివాడైనా నోరు మూయాలి.
పదకొండేళ్ళుగా
మనిషికి రెండు నిమిషాలు కొలిచి పోస్తున్నాను.

ఇవాళ్టి బిల్లు ఒకటిన్నర పేజీ.
అతివేగానికి వేసే ప్రతి జరిమానా మీదా ఐదు డాలర్లు అదనం.
ఆ చిల్లరంతా ఒక నిధిలో పడుతుంది.
తలకు దెబ్బ తగిలినవాళ్ళకి, వెన్ను విరిగినవాళ్ళకి
ఇంటికొచ్చే నర్సు, గుమ్మానికో వాలుదారి,
మాట మళ్ళీ దిద్దించే ఒక పంతులమ్మ.

లారీ యజమానుల సంఘం మనిషి
నాలుగు సెకన్లు మిగిల్చి మరీ కూర్చున్నాడు.
సానుభూతి మొదటి వాక్యంలోనే ఖర్చయింది,
మిగతాదంతా లెక్క.

అర్లో టోర్గర్సన్ ఆలస్యంగా వచ్చాడు.
ముందువైపు లిఫ్టు చెడిపోయింది,
వెనక సామాన్ల లిఫ్టులో, కాగితం పెట్టెల మధ్య,
అక్క మావిస్ అతని కుర్చీ తోసుకొచ్చింది.
ఒకప్పుడు సిడ్నీ పొలాల్లో చక్కెర దుంపల లారీ తోలేవాడు.
నేను పచ్చ అట్ట ఎత్తాను.

పేరు చెప్పడానికి ముప్పై సెకన్లు.
ఊరు చెప్పడానికి ఇంకో ఇరవై.
గడ్డకట్టిన నేల్లోంచి దుంప పెరికినట్టు
ఒక్కో మాటా వేరుతో, మట్టితో, వణుకుతూ వస్తోంది.
సభ్యులు కాగితాలు తిప్పడం మానేశారు.
ఒకాయన మాత్రం బూటు తాడు కట్టుకున్నాడు, చాలాసేపు.

"మా... బాత్రూం తలుపు...
ఇరవై... ఆరు... అంగుళాలు."

పసుపు ఎప్పుడు ఎత్తానో నాకు గుర్తులేదు.
ఎర్రది గుర్తుంది.
చెయ్యి దానంతటదే లేచింది, అలవాటు.
అతను అట్ట చూశాడు, తల ఊపాడు,
తెరిచిన నోరు మర్యాదగా మూసుకున్నాడు.

రికార్డులో అంతే ఉంది.
ఒక మనిషి ఎనిమిది గంటలు ప్రయాణం చేసి వచ్చి
ఒక తలుపు వెడల్పు చెప్పి వెళ్ళాడు.

నడవాలో కాఫీ యంత్రం దగ్గర మావిస్ చెప్పింది,
నన్నేమీ అనకుండా, చక్కెర కలుపుకుంటూ:
"వాడి కుర్చీ ఇరవై ఎనిమిది."

బిల్లు నెగ్గింది, చిక్కిపోయి.
ఐదు రెండయింది.
నాలుగో సెక్షన్లో "ఇవ్వవలెను" కొట్టేసి
"ఇవ్వవచ్చును" అని రాశారు.
ఆ సవరణ టైపు చేసింది నేనే.
ఒక్క మాట. తప్పుల్లేకుండా చేశాను.

జూన్‌లో, టౌన్‌సెండ్ దాటాక,
డెబ్బై ఉన్న చోట ఎనభై ఏడులో దొరికిపోయాను.
తొందర ఏమీ లేదు, రోడ్డు ఖాళీగా ఉందంతే.
రసీదు అడుగున, చీమల్లాంటి అక్షరాల్లో, రెండు డాలర్లు.

ఆ తలుపు వెడల్పు చేయించడానికి పద్నాలుగు వందలంటారు వడ్రంగులు.
అంటే నాలాంటివాళ్ళు ఏడువందల మంది
ఇలా దూసుకుపోవాలి.
అందులో ఒకరిద్దరు
ఈ రసీదు దాకా రారు,
నేరుగా అర్లో పక్కకే చేరతారు.

"నెమ్మదిగా వెళ్ళండి" అని కుర్రాడు టోపీ సవరించుకుని వెళ్ళిపోయాడు.
ఇండికేటరు టక్కు టక్కుమంటోంది.
అద్దాలు ఎత్తేసి, ఎవరూ అడగకపోయినా,
గట్టిగా అన్నాను:

నా కుర్చీ...
ఇరవై...
ఎనిమిది.