మందా

మొదట పుట్టింది షాఫ్టు.
పీణ్యాలో, భోజనాల బెల్లు మోగాక,
సూపర్‌వైజరు క్యారియర్ మూత తీసే లోపు
నాలుగు మిల్లీమీటర్ల స్టీలు కడ్డీని
లేత్‌కి బిగించి నునుపు చేశాను.
ఇరవై ఆరేళ్లు ఎవరెవరి పంపులకో తిప్పిన చెయ్యి
తనకోసం తిప్పుకున్న మొదటి కడ్డీ.
జేబులో వేసుకుంటే
ఇల్లు చేరేదాకా తొడకి చల్లగా తగిలింది.

మిగతావన్నీ ఎస్పీ రోడ్డు.
మోటారు ఒకచోట, స్పీడు కంట్రోలరు ఇంకోచోట.
రిసీవరు మాత్రం జబ్బార్ కొట్లో.
"యాంటెన్నా కత్తిరించొద్దన్నా, అది దాని చెవి" అని
మూడుసార్లు చెప్పి మరీ ఇచ్చాడు.
బాల్సా చెక్క కొంటే
బిస్కెట్లు కొన్నట్టుంది, బరువే లేదు.

ఒంటిగది ఇల్లు. మంచం కింద పడవ.
పక్కటెముకలు నిలబెట్టి పలకలు అతికేటప్పుడు
నాగవేణి బట్టల క్లిప్పులన్నీ నాకే.
ఆ వారం తీగమీది బట్టలు
గాలికెగిరి పక్కింటి మేడెక్కాయి.
ఆమె ఏమీ అనలేదు.
అనకపోవడం కూడా ఒక రకంగా అనడమే.

షాఫ్టూ మోటారూ ఒకే గీతలో ఉండాలి.
వెంట్రుకవాసి జరిగినా
పడవంతా పళ్లు కొరుకుతుంది.
ఈ సంగతి నాకెవరూ చెప్పక్కర్లేదు,
ఎడమచేతి చూపుడువేలు సగం
అలాంటి వెంట్రుకవాసికే ఇచ్చుకున్నాను.
మిగిలిన సగంతో ఎపాక్సీ పూయడం తేలిక.
గోరు లేదుగా, గీత పడదు.

వెనకవైపు పేరు నాగవేణి రాసింది, గోళ్లరంగుతో.
మందాకిని అని మొదలెట్టింది.
మందా దగ్గర సీసా ఖాళీ.
ఉండనీ అన్నాను.

పరీక్షకి చెరువు దాకా ఎందుకు,
ట్యాంకరు వచ్చిన రోజు నీలం డ్రమ్ము నిండుతుంది.
పడవ ఎడమకి ఒరిగింది.
పంక్చర్ షాపులో అడుక్కొచ్చిన సీసం బిళ్లలు
ఒక్కొక్కటే కుడివైపు పెట్టుకుంటూ పోయాను,
త్రాసు ముల్లు కుదిరేదాకా పచ్చిమిరపకాయ వేసినట్టు.
"ఆ నీళ్లతోనే రేపు అన్నం వండాల.
గ్రీజు చెయ్యి ముంచొద్దు" అంది.

ఆదివారం, చెరువు గేటు దగ్గర
కాపలా చెన్నిగప్ప
తెలుగక్షరాల్ని కన్నడ కళ్లతో కూడబలుక్కుని
"మంద... మెల్లగా పోతుందా?" అన్నాడు.
వెనకనించి ఎవరో, మనవాడే,
"మందా? యాడ?" అని తొంగిచూశాడు.

మెల్లగా పోలేదు.
ముక్కెత్తి, నీళ్లని చీరలా చించుకుంటూ పోయింది.
ఇక్కడ నా బొటనవేలు కదిలితే
అంత దూరాన అదొక మలుపు.
యాభై ఒక్క ఏళ్లలో నేను కదిల్చినవన్నీ
చేతికి అందేంత దూరంలోనే కదిలాయి.

నాలుగో చుట్టులో గుర్రపుడెక్క.
వేళ్లు ప్రొపెల్లరుకి జడ అల్లేశాయి.
మోటారు ఒకసారి మూలిగి ఊరుకుంది.
గంటన్నర గట్టు మీదే నిలబడ్డాం.
కొంగ ఒకటి వచ్చి దాని మీద వాలి,
ఒరగదని నమ్మకం కుదిరాక
(సీసం బిళ్లలకి దండం)
ఒక కాలు మడుచుకుంది.

చేపలాయన హరిగోలులో పోయి తెచ్చిచ్చాడు.
చేతిలో తూచి,
"దీంట్లో ఎవరెక్కుతారు?" అని అడిగాడు.
నేను జవాబు వెతుక్కునేలోపు
వంద నోటు వెనక్కి తోసి
వల దగ్గరికి పోయాడు.

పడవకి శత్రువు నీళ్లే.
ఆ రాత్రి మూత విప్పి
పాత బనీను పీలికతో లోపలి తడి అద్దాను.
షాఫ్టు లాగి, నల్లబడ్డ గ్రీజు తుడిచి, కొత్తది కూరాను.
బ్యాటరీ నిండుగా ఉంచకూడదు, ఖాళీగానూ ఉంచకూడదు,
అలిగి ఉబ్బుతుంది.
సగానికి దించి మట్టికుండలో పెట్టాను,
పేలితే కుండే పోతుంది.

ప్రొపెల్లరు మాత్రం నాగవేణి లాక్కుంది.
"నీ వేలు అడ్డం" అని
జడపిన్నుతో వేరూ వేరూ లాగింది,
పేలు చూసేంత శ్రద్ధగా.
ఆకున్న ముక్క ఒకటి పారెయ్యక
మగ్గులో వేసింది.

బుధవారానికి అది చిగురేసింది.
ట్యాంకరు ఇంకా రాలేదు.