సంగటికి బటను లేదు

కొనమంటావా అక్కా, అని అడిగితివే శర్వాణీ,
మందుల షాపులో చిల్లర లెక్కపెడతా.
ఊ అనలేను, ఊహూ అనలేను.
రొంత విను.

మాది కగ్గదాసపురలో మూడో మేడ మింద రేకుల గది.
అడ్రసు ప్రూఫు లేదని గ్యాసు కనెక్షను ఇయ్యలేదు.
చిన్న సిలిండరు నింపేటోడు
వచ్చినప్పుడల్లా ఒక ధర చెప్తాడు.
ఆ కోపంలో కొంటి దాన్ని.
ఎనిమిదివేల నాలుగునూర్లు, ఆర్నెల్ల కంతులు.
పద్నాలుగు బటన్లు.
కేకు కూడా చేస్తాదంట.
మా వంశంలో ఎవురు చేసినారు కేకు?

దాని ప్లగ్గు లావు.
మా ఇంట్లో లావు ప్లగ్గు పట్టే సాకెట్టు ఒకటే,
గీజరుది, బాత్రూము తలుపు పక్కన.
అందుకని అది ఆడనే స్టూలెక్కి కూచుంటాది,
అటు బక్కెట్టు, ఇటు చెప్పుల స్టాండు.
నీళ్లా, కూడా అని తెల్లారితే పంచాయితీ.
జంక్షన్ బాక్సు పెట్టి రెండూ ఏసిన పొద్దు
బిల్డింగంతా చీకటి.
కింద ఓనరమ్మ గంగూబాయి
కన్నడంలో మొదలుపెట్టి
నాకు బాగా అర్థం కావాలని తెలుగులో ముగించింది.

మంచి చెప్పల్లంటే, ఉలవలు.
నానినవి ఏసి మూత తిప్పి నా పని నేను చూసుకుంటా.
కూత ఉండదు దీనికి. మొదట్లో అదే గుబులు.
పప్పుకు మూడు, ఉలవలకు ఆరు అని
పద్దెనిమిదేండ్లు చెవితో వండినదాన్ని.
ఇదేమో అలిగిన మనిషి మాదిరి
ఉలుకూ పలుకూ లేకుండా ఉడుకుతాది.
ఇంగ పెరుగు. డిసెంబరు చలికి
ఈ ఊర్లో పాలు తోడుకోవు కదా,
ఇది తోడేస్తాది, కత్తితో కోసేంత గట్టిగా.
ఆ ఒక్క బటనుకు దండం.

చెడ్డ చెప్పల్లంటే, తిరగవాత.
ఆవాలు చిటపటమనకుండా
ఆలోచిస్తా కూచుంటాయి నూనెలో.
ఆదివారం పొట్టేలు కూర
మూత రబ్బరులో దాక్కొని
సోమవారం పాయసంలో బయటపడింది.
రొట్టె కాల్చదు. వంకాయ కాల్చదు.

సంగటికి బటను లేదు.
గంజి బటను నొక్కి, ఎసరు కాగినాక పిండి పోసి,
తెడ్డు దించి ఒక్క తిప్పు తిప్పితి.
గిన్నె తెడ్డుతో పాటే గిర్రున తిరిగె.
చెవుల్లేని గిన్నె. పట్టుకునేదానికి ఏమీ లేదు.
పిండి ఉండలు కట్టె.
ఏడిస్తి అంటే నవ్వుతావు.
ఎనిమిదివేల నాలుగునూర్లే!

మా ఓబులేసు ఆ పొద్దు ట్రిప్పుకు పోలేదు.
ఎసరు చూసిన మనిషి కాదు ఎన్నడూ.
తువ్వాలు తడిపి తెచ్చి, బాత్రూము ముందర చతికిలబడి
రెండు చేతులతో గిన్నెను బిగించి పట్టి
తిప్పు, అనె.
నేను తిప్పితి. కాళ్లు అడ్డం పెట్టి, తెడ్డు మింద వాలి,
ఆయప్ప మొగమంతా ఆవిరి.
చేతులకు పని తప్పిస్తాదని కొన్నది
నాలుగు చేతులు అడిగింది చూడు.
ఉండలుండె. తింటిమి.

ఇంగొకటి. ఇది బుక్కులో రాసిండరు.
అన్నం అయినాక అదే వెచ్చగా ఉంచి
ఎంతసేపు ఉంచిందో
ఎర్ర అంకెల్లో లెక్క పెట్టుకుంటా పోతాది.
నేను ఏ రాత్రీ చెప్పలే ఆయప్పకు, ఇంతసేపు చూస్తి అని.
నిద్రపోయినట్ట పడుకోని ఉంటా.
ఎయిర్‌పోర్టు నుంచి ఒంటిగంటకొస్తాడు,
లైటు ఏయడు,
స్టూలు ముందర గొంతుకూచుంటాడు.
నాలుగు గంటల పది నిమిషాలు, అంటాది అది.
మూత తీసిన చప్పుడు
చానా సేపటికి గాని ఇనపడదు.

కొనాల్నా అంటే,
ముందు మీ ఇంట్లో లావు ప్లగ్గు యాడుందో చూడు.
కొంటే మాత్రం
రబ్బరు రింగు ఇంకొకటి తీసుకో,
పాయసానికి.