అనువాదానికి పది మార్కులు

మారికుప్పంలో పొద్దున బండెక్కితే
బంగారుపేట దాకా కిటికీ నాదే.
ఆ తర్వాత పూలబుట్టలు, మెడల్లో ఐడీ కార్డులు,
ఎవరి టిఫిను డబ్బానో నా మోకాలి మీద.
మాలూరు లోపల చదివిందే చదువు.

నల్లట్ట స్పానిష్ నవల, మూడో సెమిస్టరు.
ప్రశ్న ఇంకా మొదలవకముందే
తలకిందులుగా ఓ ప్రశ్నార్థకం.
హెచ్చరించి మరీ అడిగే మనుషులు కాబోలు.
మా ఇంట్లో మాట చివరికొస్తే గానీ
అది ప్రశ్నో తిట్టో తేలేది కాదు.

కంటోన్మెంట్‌లో దిగి, బస్సు దొరక్కపోతే నడిచి,
రాతి భవనం, రెండో అంతస్తు.
మేం తొమ్మిదిమంది.
ఇఫ్రాజ్‌కి పగలు కంపెనీలో మెక్సికో ఇన్‌వాయిసులు,
మృణ్మయికి ఫుట్‌బాల్ పిచ్చి.
నన్నడిగితే సాహిత్యం అంటాను.
నిజానికి ఫ్రెంచిలో సీట్లు అయిపోయాయి.

రెబెలో మేడం సుద్దముక్కతో బోర్డు మీద కొట్టి చెప్తుంది:
వీళ్లకి రెండు ఉండడాలు.
మనిషి ఏమిటో చెప్పడానికి సేర్,
ఎక్కడున్నాడో ఎలా ఉన్నాడో చెప్పడానికి ఎస్తార్.
మార్జినులో తెలుగులో రాసుకున్నాను:
మా తాత గని మేస్త్రీ.
క్రియే లేదు.
దూలం పెట్టని సొరంగంలా
వాక్యం దానంతటదే నిలబడి ఉంది.

నవల్లో ఉత్తరాదిన ఏదో బొగ్గుకొండ.
మొదటి అధ్యాయం నుంచీ ఒకడు దగ్గుతూనే ఉన్నాడు.
నూట పన్నెండో పేజీలో మంచు కురిసింది,
డాక్టరు ఒక మాట అన్నాడు.
ఎనిమిది ఫోన్లు వెలిగాయి అర్థం కోసం.

సిలికోసిస్.

అక్కడా అదే, మా ఛాంపియన్ రీఫ్‌లోనూ అదే.
అక్షరాలు దిద్దకముందే వచ్చేసిన మాట నాకు.
ట్రంకుపెట్టెలో గోధుమరంగు కవరు,
కవర్లో తాత రొమ్ము.
కంపెనీ నుంచి ఎవరొచ్చినా
తానే తీసి కిటికీ వెలుగుకి ఎత్తి పట్టేవాడు.
'సూడు పాపా, లోపలంతా మంచు పడినట్టుండ్లా?'
సైనైడు దిబ్బల దుమ్ము తప్ప
ఇంకేదీ కురవని ఊళ్లో
నేను నమ్మాను, మంచే అని.

చనిపోయాడు అనడానికి ఏ ఉండడం?
సేర్, అన్నాం అందరం. చావుకన్నా శాశ్వతం ఏముంది?
కాదంది మేడం. ఎస్తార్.
తడిసి ఉన్నాడు, అలిసి ఉన్నాడు, బస్టాపులో ఉన్నాడు,
వాటి పక్కనే చచ్చి ఉన్నాడు.
ఎందుకు? అన్నాను.
వ్యాకరణం, అని కిటికీ మూసింది. బయట హారన్లు.

శుక్రవారం అసైన్‌మెంటు:
మీ ఇంట్లో మాట ఒకటి తీసుకుని స్పానిష్ చేయండి.
పది మార్కులు.

పింఛను వరసలో గుమాస్తా టోకెన్ నంబరు పిలిస్తే
చెంగలప్ప పెండ్లాము, మా అవ్వ,
చెయ్యెత్తకుండా అన్నమాట:
లేడు.

ఎన్ని రకాలుగా తవ్వానో.
చనిపోయాడు అని రాస్తే అది వార్త.
అవ్వ చెప్పింది వార్త కాదు.
ఉనికి లేదు అని రాస్తే
అసలెప్పుడూ పుట్టనివాడిలా.
'నో ఎస్తా' అంటే, ఇంట్లో లేడు,
బీడీలకి అంగడి దాకా పోయాడు, వచ్చేస్తాడు.
లేకపోవడానికి సొంత క్రియ ఒకటి
మనకుంది, వాళ్లకి లేదు.
ఆ 'లేదు' కూడా అదే క్రియ.

నో ఎస్తా అనే రాసిచ్చాను.
రాత్రి షిఫ్టుకి దిగాడు అనుకుందాం,
కేజు ఇంకా పైకి రాలేదు.

పదికి ఆరు.
పక్కన ఎర్రసిరాతో మేడం ఒకే మాట అడిగింది:
ఎక్కడ?
గుమాస్తా అడగలేదు. పేరు కొట్టేసి
తర్వాతి నంబరు పిలిచాడు.

సాయంత్రం బండి కోరమండల్ దాటింది.
కాగితం ఇంకా చేతిలోనే.
ఆ మాటకి ముందు తలకిందుల ప్రశ్నార్థకం,
పైన చుక్క, దీపమంత,
దాని కిందనుంచి లోపలికి
దిగుతూ దిగుతూ
కొక్కెం.