మాధవధార దగ్గర

తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టినప్పుడు
ఎండ ఇంకా మెడ మీదే ఉంది.
హనుమంతవాక దాటేసరికి మబ్బు పట్టింది.
జోడుగుళ్లపాలెంలో సముద్రం
మా ఇద్దరి చీరలూ నడుందాకా తడిపింది.
ఇసుకతోట వచ్చేసరికి ఉప్పు ఆరి
తొడలు ఒరుసుకోవడం మొదలైంది.
దేవుడి నడకలో ఈ సంగతి ఎవరూ చెప్పరు.

మాధవధారలో రాత్రి పదకొండు.
మజ్జిగ పోసే కుర్రాడు గరిటెతోనే చూపించాడు:
ఇటు మెట్లు, అటు హైవే.

నన్నడక్కుండానే మెట్లవైపు తిరిగింది ఎర్నమ్మ.
నా తోటికోడలు. ఇరవై రెండేళ్లు ఒకే పొయ్యి,
ఒకే కుళాయి దగ్గర రెండు బిందెల తగువు.
"గంటన్నరలో అవతల దిగిపోతామక్కా,
పాతోళ్లు నడిచింది ఈ దారే కదేటి" అంది.

చుట్టూ తిరిగితే ప్రదక్షిణ.
నడినెత్తిన దాటేస్తే అదేం మొక్కే, అన్నాను.
పొద్దున్నుంచీ కుడిచేతివైపున్న కొండని
ఇప్పుడు కాళ్లకిందకి తెస్తావా, అన్నాను.
నలుగురు ఆగి విన్నారు, నాకు ఇంకా ఊపొచ్చింది.

మోకాలు నొప్పంది.
మోకాలు నొప్పైతే మెట్లెక్కుతారా ఎవరైనా?

దానికి జవాబు చెప్పలేదు. చెంగు దోపుకుంది.
ఎంతో దూరం లేదే అంటూ నేను వేళ్లు ముడుస్తున్నాను,
మర్రిపాలెం, ఎన్ఏడీ...
రెండో వేలు దగ్గర నాలుక ఆగిపోయింది.

ఫ్లైఓవరు కడుతున్న రోజులు.
మా మరిది దాలయ్య సైకిలు.
ఇనపరాడ్ల లారీ.
రోడ్డు మీద పోలీసులు గీసిన సుద్దగీత
రెండు వానలకి గానీ పోలేదు.

ఏటేటా ఇక్కడే మెట్లెక్కేది.
ఏటేటా నేను శాస్త్రం చెప్పేదాన్ని.

తన నీళ్లసీసా నా చేతిలో పెట్టింది.
"లారీలు. అంచునే నడు" అంది, అంతే.
టార్చి వెలుగు నాలుగు మెట్ల దాకా కనిపించింది.

వేలమందిలో ఒక్కదాన్నీ నడిచాను.
ఎన్ఏడీ వంతెన కింద
అడుగులు లెక్కపెట్టుకున్నాను
రెండేసి చొప్పున,
తనవి కూడా కలిపి.
గోపాలపట్నంలో ఎవరో పిల్లలు
పిక్కలకి మందు కొట్టారు, చల్లగా మండింది.
గోశాల మలుపులో తెల్లారింది.

తొలిపావంచా దగ్గర మళ్లీ అదే జనం, అదే పీచు, అవే చిప్పలు.
గోడకి జారబడి నిద్రపోతోంది ఎర్నమ్మ.
దాని పాదాలనిండా ఎర్రమన్ను,
నావి తారుతో నల్లగా.
పక్కన కూలబడితే కళ్లు తెరవకుండానే అడిగింది:
"ఆ మూల టీకొట్టు ఉందా ఇంకా?
ఆయన ఆగేది అక్కడే."

నేను ఆ మూలకి చూడనే లేదు.
ఉందే, అన్నాను.

కాసేపటికి,
"పైటేడు చూద్దాంలే" అని
నా చేతిలో సీసా తీసుకుని ఊపి చూసింది,
తాగకుండా సగం అలాగే ఎందుకు తెచ్చావని తిట్టింది.