వాన పడే టేపు

కాజీపేట డీజిల్ కాలనీల
అంకూస్ వీడియో లైబ్రరీకి తలుపు లేకుండె,
సగానికి దించిన షట్టరే.
వంగి లోపలికి పోతే
బూజు పట్టిన టేపుల వాసన,
దాన్ని కప్పలేక ఓడిపోయిన ఊదుబత్తి.

గుర్రాల సినిమాలు కింది అరల.
వాటి అసలు పేర్లు ఎవరికీ నోరు తిరగకపోయేది.
అంకూస్ కాగితం ముక్కలంటించి తనే పెట్టిండు:
ఒంటికన్నోడు.
బావి కాడ కాల్పులు.
రైలు దోపిడి.
రైలు దోపిడి, వాన పడేది.

అది నిజం వాన కాదు.
ఎవరో ఎక్కడో అరిగిన రీలును టేపుకెక్కిస్తే
దాని కాపీకి కాపీ,
బొంబాయి దాటి సికింద్రాబాద్ దాటి
మా దాకా వచ్చేసరికి
ఎడారి నిండా ముసురు.
నిలువు గీతలు రీలువి, అడ్డ గీతలు టేపువి,
అంతవరకు నాకు చదువొచ్చు.

ఆకాశం చాయ్ రంగుల ఉండేది.
కొండేదో మబ్బేదో తెలువక
పద్మాక్షి గుట్ట బండలనే
అక్కడ పెట్టుకొని చూసెటోళ్లం.
ఇద్దరు ఎదురుబొదురు నిలబడితే
టీవీ డబ్బాల ఒక్కడే పట్టేది.
రెండోడు అంచుకు ఇంత టోపీ, ఇంత ముక్కు.
హీరో గాలిని కాలుస్తున్నడనుకున్న,
గాలే చచ్చిపడుతున్నదనుకొని
ఈలలేసిన.

డెస్మండ్ సారు ఆదివారం పూజ అయినంక
చర్చి బట్టలతోనే వచ్చెటోడు.
ఆవిరింజన్లు నడిపి రిటైరైన మనిషి,
గుర్రాలతో పని లేదు, తుపాకులతో లేదు.
రైలొచ్చే కాడ ఆపిచ్చెటోడు.
"వెనక్కి కొట్టు బేటా. ఇంకొంచెం."
ఇంజను ముక్కు మీద నంబరు.
అరవై మూడా, ఎనభై మూడా, ఎనభై ఎనిమిదా?
"అరవై ఎనిమిది," ఖాతా పుస్తకంల నుంచి తలెత్తకుండ అంకూస్,
"చాయ్ పందెం."

నేను స్పిరిట్‌ల ముంచిన దూదితోని హెడ్డు తుడిచెటోణ్ణి.
ట్రాకింగ్ మర వెంట్రుకవాసి తిప్పెటోణ్ణి.
సరిగ్గ అప్పుడే బయట గూడ్స్ పోయేది,
బల్ల అదిరి
రెండు రైళ్లూ ఒకదాంట్ల ఒకటి దూరేవి.

ఎన్ని ఆదివారాలో.
అక్కడే ఆపి, అక్కడే వెనక్కి.
టేపు ఆ జానెడు మేర అరిగిపోయి
రైలొచ్చినప్పుడల్లా తెల్లటి కాలువ పారేది.
గిరాకీ తిట్టేది.
సారు పోయినంక గూడ
అంకూస్ ఆ టేపు మార్చలే.

నిన్న హన్మకొండల మా ఇంటికి
కొత్త డిస్కు వచ్చింది.
అసలు నెగెటివ్‌ను కడిగి, ఎండబెట్టి,
ఒక్కో బొమ్మా తుడిచి తీసిండ్రట.
పిల్లలు పండుకున్నంక పెట్టిన.

ఆకాశం నీలం.
ముప్పై ఏండ్ల వాన
ఒక్కసారి వెలిసింది.

రెండోడున్నడు.
పూర్తి మనిషి. ముసలోడు.
అంగీ గుండీలు ఒకటి తప్పి పెట్టుకున్నడు,
చెయ్యి వణుకుతున్నది.
ఇన్నాళ్లూ నేను ఈలేసింది
ఈయన మీదనా?
హీరో మణికట్టుకు
చేతి గడియారం తీసి పక్కన పెట్టొచ్చిన తెల్లటి మచ్చ.
నవ్వొచ్చింది గని బయటికి రాలే.

రైలొచ్చింది.
నా వేళ్లు అలవాటుగ
లేని మరను తిప్పబోయినయి.
కాలువ లేదు.
అక్కడ ఒక మనిషి కూసొని
అన్నిసార్లు చూసిండన్న ఆనవాలే లేదు,
ఇసుక మీద ఎండ, అంతే.
ఇత్తడి పలక మాత్రం
నా మొహం కనబడేటట్టున్నది.

అంకూస్‌కు ఫోన్ చేసిన.
రాత్రి పదకొండున్నర.
నంబరు చెప్పిన.
చానసేపు ఏమనలే.
"అరవై ఎనిమిదే గద," అన్నడు,
"సారు నాకు చాయ్ బాకీ."

ఆయన వెనుక పట్టాల మీద
గూడ్స్ పోతున్నది, పొడుగుది.
అది దాటేదాక
ఇద్దరం ఆగినం.